రసమట్టం

తెలుగు పలుకుబడిలో కాలికి పెద్దపీటే ఉన్నది. స్వశక్తితో బ్రతికేవాడు తన కాళ్ళమీద తాను నిలబడినవాడు. ఊరూరా తిరిగేవాడు కాలికి బలపం కట్టుకొన్నవాడు. ఆపద ముంచుకొని వచ్చినప్పుడు మనిషికి కాలూ చేయీ ఆడదు. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలిని ఆమె పాదం మంచిదని మెచ్చుకొంటారు. కాలు జారితే తీసుకోవచ్చును గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు హెచ్చరిస్తారు. ఈ సామెతను మొదట పలికినవారికి కాలు జారడం చిన్న విషయంగానే తోచి ఉండాలి. జారిన కాలు మరుక్షణమే తిరిగి మన మాట వింటుందన్న నమ్మకం ఆ పలుకు వెనుక దాగి ఉన్నది. ఆ నమ్మకమే ఒకనాటి ఉదయం హఠాత్తుగా వమ్మయితే మనిషి ఏమవుతాడు? బేతంచెర్ల ప్రాంతానికి చెందిన ఒక తాపీమేస్త్రీకి 2023వ సంవత్సరం మాఘమాసంలో ఈ ప్రశ్న ఎదురైంది.

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పేరు చెప్పగానే ఇల్లు కట్టుకొన్నవారికి నాపరాయి గుర్తుకు వస్తుంది. అక్కడి గనులలో తీసి, కోసి, నునుపు పెట్టిన బండలు ఎన్నో ఊళ్ళ ఇళ్ళలో నేలగా పరుచుకొని ఉన్నాయి. ఆ బండలు పరవడంలో ఇరవైయైదేండ్ల అనుభవం గలవాడు ఆ మేస్త్రీ. తాపీ, మూలమట్టం, రబ్బరు సుత్తి, రసమట్టం - ఇవే ఆయన ఆస్తి. వాటిలో రసమట్టమంటే ఆయనకు మరీ ప్రీతి. అందులోని చిన్న గాజు గొట్టంలో ద్రవం ఉంటుంది. ద్రవంలో ఒక గాలిబుడగ ఉంటుంది. బండ ఎత్తుగా ఉన్న వైపునకు బుడగ జరుగుతుంది. రెండు గీతల నడుమ అది కదలక నిలిచిందంటే నేల సమంగా ఉన్నట్లు. "మనిషి అబద్ధం చెప్తాడు గాని బుడగ చెప్పదు" అని ఆయన తన వద్ద పని నేర్చుకొనే కుర్రవాళ్ళతో తరచుగా అనేవాడు.

బండలు పరిచే పని నిలబడి చేసేది కాదు. గొంతుక్కూర్చుని, సిమెంటు మాలు పరిచి, దానిపై బండను దించి, సుత్తితో నెమ్మదిగా తట్టి, మట్టం చూసి, మళ్ళీ అదే భంగిమలో ఒక అడుగు వెనుకకు జరగాలి. ఉదయం కూర్చున్నవాడు మధ్యాహ్నం అన్నానికి గాని లేవడు. ఆ యేడు కార్తికమాసంలో ఆయనకు తీవ్రమైన జ్వరం వచ్చింది. కోలుకొనేసరికి మనిషి సగమయ్యాడు. ఒప్పుకొన్న పని మాత్రం తగ్గలేదు. ఫాల్గుణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకొన్న ఒక యజమాని వద్ద బయానా పుచ్చుకొని ఉన్నాడు. ఆ డబ్బులో కొంత కుమార్తె ఇంటర్మీడియట్ రుసుముగా అప్పటికే చెల్లిపోయింది. అందుచేత పది దినాలపాటు తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేవరకు ఆయన నేలకు అతుక్కొనే ఉన్నాడు. సాయంకాలాలలో ఎడమకాలి వెలుపలి ప్రక్కన తిమ్మిరి ఎక్కేది. చేతితో రుద్దుకొంటే సర్దుకొనేది. తిమ్మిరిని లెక్కచేసే అలవాటు శ్రమజీవులకు ఉండదు.

పదకొండవనాటి ఉదయం ఆయన మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి ఎడమకాలి బొటనవ్రేలు నేలకు తగిలి ముందుకు తూలాడు. నిద్రమత్తు అనుకొన్నాడు. పనివద్దకు నడుస్తూ ఉండగా వెనుకనుండి సహాయకుడు పరుగెత్తుకొంటూ వచ్చాడు. పద్దెనిమిదేండ్లు నిండిన ఆ కుర్రవాడి చేతిలో ఒక చెప్పు ఉన్నది.

"మేస్త్రీ, చెప్పు ఆడనే వదిలేసి వచ్చినారే!"

మేస్త్రీ క్రిందికి చూసుకొన్నాడు. ఎడమపాదం ఉత్తదిగా ఉన్నది. చెప్పు జారిపోయిన సంగతి ఆ పాదం ఆయనకు చెప్పనే లేదు. అరుగుమీద కూర్చుని పాదాన్ని పైకెత్తబోయాడు. మోకాలు లేచింది, పిక్క బిగుసుకొన్నది. పాదం మాత్రం వాడిన ఆకువలె వ్రేలాడింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆయనను ఎక్కువగా భయపెట్టింది.

ఆ దినం మొదలు ఆయన జీవితంలో రెండు పనులు ఆరంభమయ్యాయి. ఒకటి నడవడం, రెండవది నడక బాగున్నట్లు కనిపించడం. వ్రేళ్ళు నేలకు రాచుకోకుండా ఉండేందుకు మోకాలిని ఎక్కువ ఎత్తి అడుగు వేయసాగాడు. ఎత్తిన పాదం నెమ్మదిగా దిగక 'టప్'మని నేలమీద పడేది. ఆ చప్పుడు ఇతరులకు వినబడకూడదని కుర్రవాళ్ళను గట్టిగా కేకలు వేసేవాడు. ఇంట భార్యకు అనుమానం కలిగింది. ఇరుగుపొరుగువారిలో ఒకరు పక్షవాతమన్నారు. మరొకరు నరంమీద నరం ఎక్కిందన్నారు. ఇంకొకరు గాలి సోకిందన్నారు. ఎవరో చెప్పగా ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టారు. పాదంపైన స్పర్శ మందగించి ఉండడంచేత వేడి ఎంత ఉన్నదో ఆయనకు తెలియలేదు. మరునాటికి అక్కడ రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. ఆసుపత్రికి వెళదామని భార్య అంటే ముహూర్తం దాటనిమ్మన్నాడు. కాలు పడిపోయిన మేస్త్రీ అన్న పేరు ఒకసారి ఊళ్ళో పాకితే మరి తనను పనికి పిలిచేవారెవరన్నది ఆయన బెంగ.

దాచిన బలహీనత దాచినచోటనే ఉండిపోదు. పది దినాలు గడిచిన తరువాత ఒక మధ్యాహ్నం మేస్త్రీ, ఆ సహాయకుడు కలిసి మూడడుగుల బండ నొకదానిని లోపలి గదిలోకి మోస్తున్నారు. గడప ఎత్తు రెండంగుళాలకు మించి ఉండదు. మేస్త్రీ ఎడమపాదపు వ్రేళ్ళు ఆ గడపకు తగులుకొన్నాయి. ఆయన ప్రక్కకు ఒరిగాడు. నలభై కిలోల వరకు తూగే బండ చేతులనుండి జారి, కుర్రవాడి పాదానికి జానెడు దూరంలో పడి రెండు ముక్కలైంది. కుర్రవాడు ఏమీ అనలేదు. ముక్కలు ఏరి ప్రక్కన పేర్చి, "ఇంకొకటి తెద్దామా మేస్త్రీ?" అని మాత్రం అడిగాడు. ఆ రాత్రి మేస్త్రీకి నిద్ర పట్టలేదు. తన పాదం తన వశంలో లేని సంగతి తనకు తెలుసు. బండ రెండవ కొసను పట్టుకొన్నవాడికి తెలియదు. ఆ తెలియకపోవడానికి కారణం తాను. తెల్లవారగానే ఆయన కర్నూలు పెద్దాసుపత్రికి బయలుదేరాడు.

అక్కడి వైద్యుడు ముందు ఆయనను మడమలమీద నడవమన్నాడు. కుడిపాదం లేచింది, ఎడమపాదం లేవలేదు. మునివేళ్ళపై నిలబడమంటే రెండు కాళ్ళపైనా నిలబడ్డాడు. పాదాన్ని లోపలి వైపునకు త్రిప్పమంటే త్రిప్పగలిగాడు, వెలుపలికి త్రిప్పలేకపోయాడు. నడుమునుండి కాలిలోనికి నొప్పి దిగుతున్నదా అని, మలమూత్ర విసర్జనలో మార్పు ఏమైనా వచ్చిందా అని, మధుమేహం ఉన్నదా అని వైద్యుడు అడిగాడు. ఒంటిమీద స్పర్శ లేని మచ్చలున్నాయేమోనని వెదికాడు. కుష్ఠువ్యాధి కూడా ఈ నాడిని దెబ్బతీయగలదు గనుక మోకాలి ప్రక్కన నాడి లావెక్కి ఉన్నదేమోనని వ్రేళ్ళతో తడిమి చూశాడు. చివరకు మోకాలికి వెలుపలి ప్రక్కన, కొంచెం దిగువగా చేతికి తగిలే ఎముక బొడిపె వద్ద వ్రేలితో మెల్లగా తట్టాడు. జివ్వుమని పాదం పైభాగం వరకు పాకింది.

"దొరికింది. తీగ నొక్కుకుపోయింది ఇక్కడే" అన్నాడు వైద్యుడు.

పాదం లేవాలన్న ఆజ్ఞ మెదడులో పుట్టి వెన్నుపాము గుండా నడుము వరకు దిగుతుంది. అక్కడనుండి శరీరంలోకెల్ల లావైన నాడిలో ప్రవేశించి తొడ వెనుకగా ప్రయాణం చేస్తుంది. మోకాలికి కొంచెం పైన ఆ నాడి రెండుగా చీలుతుంది. ఒక పాయ పిక్కలోనికి పోతుంది. రెండవ పాయ మోకాలి వెలుపలికి మళ్ళి, ఆ బొడిపె క్రింద ఎముకను చుట్టుకొని కాలి ముందుభాగానికి వస్తుంది. పాదాన్ని, వ్రేళ్ళను పైకెత్తే కండరాలకు, పాదాన్ని వెలుపలికి త్రిప్పే కండరాలకు ఆజ్ఞ అందించేది ఈ పాయయే. ఇంత ముఖ్యమైన ఈ నాడికి ఆ మలుపు వద్ద కండరపు రక్షణ దాదాపు లేదు. క్రింద గట్టి ఎముక, పైన పలుచని చర్మం, నడుమ కొద్దిపాటి కొవ్వు. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే ఆ మలుపులో నాడి నొక్కుకొంటుంది. జ్వరంతో చిక్కిపోయినవారికి ఆ కొద్దిపాటి కొవ్వు మెత్త కూడా కరగిపోతుంది. కలుపుతీసేవారిలో, పండ్లు కోసేవారిలో, నేలపని చేసేవారిలో ఈ బాధ కనిపించడానికి కారణమిదే. మోకాలిపై మోకాలు వేసుకొని చాలాసేపు కూర్చునేవారికి, బిగుతైన పిండికట్టు వేయించుకొన్నవారికి, మంచాన పడి కాలు ఒకే వైపు వాల్చి ఉంచినవారికి కూడా ఇది రావచ్చును.

నాడిపై చిన్న విద్యుత్ స్పందనలను ప్రసరింపజేసి పరీక్షించారు. ఆరోగ్యవంతుని కాలిలో సందేశం సెకనుకు సుమారు 40 నుండి 50 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. మేస్త్రీ కాలిలో చీలమండనుండి ఆ బొడిపె వరకు వేగం ఫరవాలేదు. బొడిపె దాటేచోట మాత్రం సందేశం నత్తనడక నడిచింది, చాలా భాగం అక్కడనే ఆగిపోయింది. దెబ్బ తగిలినచోటు ఏదో పరికరం కూడా అదే చూపింది. కండరంలోనికి సన్నని సూది పంపి చేసే మరొక పరీక్షలో కొన్ని తంతువులు తెగినట్లు కూడా తేలింది.

నాడికి తగిలే దెబ్బలను బ్రిటిష్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడ్డన్ 1943లో మూడు తరగతులుగా విభజించి చెప్పాడు. మేస్త్రీకి అర్థమయ్యే విధంగా వైద్యుడు దానిని కరెంటు తీగతో పోల్చాడు. మొదటి తరగతిలో తీగపైనున్న తొడుగు మాత్రమే నలుగుతుంది. ఒత్తిడి తొలగితే కొద్ది వారాలనుండి మూడు నెలలలోపుగా నాడి తేరుకొంటుంది. రెండవ తరగతిలో లోపలి తీగ తెగుతుంది గాని అది సాగవలసిన గొట్టం నిలిచి ఉంటుంది. తీగ ఆ గొట్టం వెంబడి మళ్ళీ పెరగాలి. మూడవ తరగతిలో గొట్టంతో సహా అన్నీ తెగిపోతాయి. అపుడు శస్త్రచికిత్స లేక దారి లేదు. మేస్త్రీకి తగిలిన దెబ్బలో మొదటి రెండూ కలిసి ఉన్నాయి.

"పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది సార్?" అని మేస్త్రీ అడిగాడు.

"సుమారుగా రోజుకొక మిల్లీమీటరు."

వైద్యుని మాటకు సాధారణంగా రోగి నిరాశ చెందుతాడు. మేస్త్రీ మాత్రం తల పంకించాడు. మిల్లీమీటరు ఆయనకు పరాయిది కాదు. రెండు బండల నడుమ రెండు మిల్లీమీటర్ల సందు మూడైతే గది రెండవ కొసకు చేరేసరికి వరుస వంకరపోతుందని ఇరవైయైదేండ్లుగా కుర్రవాళ్ళకు బోధించినవాడు ఆయన. ఆసుపత్రి బల్లమీదనే జేబులోని టేపు తీసి బొడిపెనుండి కాలి ముందు కండరం వరకు కొలుచుకొన్నాడు. పది సెంటీమీటర్లు. అనగా నూరు దినాలు. అది కేవలం అంచనాయేనని, తీగ చేరిన తరువాత కండరం బలపడడానికి మరింత కాలం కావాలని, పూర్తిగా బాగుపడుతుందని మాట ఇవ్వలేనని వైద్యుడు స్పష్టంగా చెప్పాడు. ఒకవేళ కాలం గడిచినా పాదం లేవకపోతే మరొక మార్గమున్నదని కూడా చెప్పాడు. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధివలన చచ్చుబడిన చేతులకు, బాగున్న కండరపు స్నాయువును మళ్ళించి అతికే శస్త్రచికిత్సలను 1940లలోనే ఆరంభించాడు. అదే సూత్రంతో పాదాన్ని లోపలికి త్రిప్పే కండరాన్ని ముందుకు మళ్ళించి, వాలిన పాదాన్ని ఎత్తే శస్త్రచికిత్స చేస్తారు. అంతవరకు వెళ్ళవలసిన అవసరం రాకపోవచ్చునని వైద్యుని ఆశ.

చికిత్సలో మొదటి ఔషధం మానుకోవడం. గొంతుక్కూర్చోవడం మానాలి, మోకాలిపై మోకాలు వేయడం మానాలి, మంచపు పట్టెకు మోకాలి ప్రక్కభాగం ఆనించి పడుకోవడం మానాలి, స్పర్శ లేని పాదానికి కాపడాలు మానాలి. రెండవది పట్టీ. పిక్క వెనుకనుండి అరికాలి వరకు వంగి వచ్చే తేలికైన ప్లాస్టిక్ పట్టీ పాదాన్ని వాలిపోకుండా పట్టి ఉంచుతుంది. దానిపై చెప్పులు నిలవవు గనుక బూట్లు కొనవలసి వచ్చింది. మూడవది వ్యాయామం. కాలు చాపుకొని, పాదానికి తువ్వాలు తగిలించి, రెండు కొసలూ తనవైపునకు లాగుకోవాలి. పాదం ఎత్తే బలం తిరిగి వచ్చేలోగా పిక్క వెనుక స్నాయువు కుంచించుకుపోతే, బలం వచ్చినా పాదం లేవదు.

ఈ మూడింటికంటె కష్టమైన నాలుగవ పని ఒకటి ఉన్నది. దానిని వైద్యుడు చీటీలో వ్రాయలేదు. ఊరికి తిరిగి వచ్చిన మేస్త్రీ నేరుగా ఇంటి యజమాని వద్దకు వెళ్ళి, ప్యాంటు పైకి మడిచి, పట్టీ చూపించి, ఉన్న సంగతి చెప్పాడు. యజమాని నొచ్చుకొన్నాడు, కాని ముహూర్తం ఆయనకూ ముఖ్యమే. సగం పనిని వేరొక మేస్త్రీకి అప్పగించి, బయానాలో కొంత తిరిగి ఇమ్మన్నాడు. మేస్త్రీ అప్పుచేసి ఇచ్చాడు. మిగిలిన రెండు గదులలో ఆయన ఒక ఎత్తు పీటమీద కాలు చాపుకొని కూర్చుని చెప్పగా, పద్దెనిమిదేండ్ల కుర్రవాడు బండలు పరిచాడు. ఆ కుర్రవాడికి ఆయన అంతకుముందే చెప్పవలసిన మాట ఆనాడు చెప్పాడు.

"ఆ పొద్దు నా కాలు నాకు తెలిసే ఉండెరా. నీకు చెప్పకుండా బండ ఎత్తించినా. తప్పు నాది."

కుర్రవాడు తల దించుకొని మాలు కలుపుతూనే, "పోనీలే మేస్త్రీ, ఈ బండ మట్టం చూడండి" అన్నాడు.

ఇంట వ్యాయామపు లెక్క కుమార్తె చేతిలో పెట్టుకొన్నది. ఆమె ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు విద్యార్థిని. మేస్త్రీకి ఒక ఆలోచన తోచింది. మంచంమీద కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుని, చిన్న రసమట్టం నొకదానిని పాదం ప్రక్కన అరికాలి వెంబడి తువ్వాలుతో కట్టించుకొన్నాడు. పాదం వాలి ఉన్నది గనుక బుడగ మడమ వైపు కొసకు వెళ్ళి కూర్చున్నది. అది నడుమకు వచ్చిననాడు కాలు బాగుపడినట్లని ఆయన తీర్మానించుకొన్నాడు. ప్రతి ఉదయం బుడగను చూసేవాడు. బుడగ కదిలేది కాదు. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, బుడగ మడమను విడువలేదు. ఒకనాడు పట్టీని విప్పి మూలకు విసిరి, "ఇది ఇంతే! నా కాలు చచ్చిపోయింది" అని గోడవైపు తిరిగి పడుకొన్నాడు. ఆ దినం ఆయన అన్నం తినలేదు.

మరునాడు కుమార్తె పట్టీని తుడిచి తెచ్చి ప్రక్కన పెట్టింది. రసమట్టాన్ని మాత్రం తేలేదు.

"నాయనా, నువ్వే చెప్పినావు గదా, ఎక్కువ వాలు ఉంటే బుడగ కొసకు పోయి ఆడనే ఉంటాదని. కొంచెం వాలు తగ్గినా అది చూపదు. దాంతో చూస్తే ఎట్ల తెలుస్తాది?"

మేస్త్రీ బదులు చెప్పలేకపోయాడు. మట్టానికి దగ్గరపడిన తరువాతనే బుడగ కదులుతుంది. మట్టం ఇంకా ఎంత దూరమున్నదో, వచ్చిన దూరమెంతో చెప్పడం దాని పని కాదు. ఇరవైయైదేండ్లు నమ్మిన పనిముట్టు అబద్ధం చెప్పలేదు. దానిని అడగకూడని ప్రశ్న ఆయన అడిగాడు. కుమార్తె ఆయనను గోడప్రక్కన కూర్చోబెట్టి, పాదం ఎత్తమని చెప్పి, బొటనవ్రేలి కొస ఎక్కడ ఉన్నదో అక్కడ పెన్సిలుతో గోడపై సన్నని గీత గీసి తేదీ వేసింది. వారానికొక గీత. మొదటి రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడ్డాయి.

మే నెల నడుమ, తొంభై దినాలు దాటిన తరువాత, ఒక సాయంకాలం ఆయన పాదం ఎత్తబోతూ ఉండగా కుమార్తె కేక పెట్టింది. పాదం కదలలేదు. కాని చీలమండ ముందుభాగంలో చర్మం క్రింద ఒక తాడు వంటిది లేచి మళ్ళీ మునిగింది. కండరం ఆజ్ఞ విన్నది. పాదాన్ని ఎత్తే బలం దానికి ఇంకా లేదు. మేస్త్రీ మళ్ళీ ఎత్తబోయాడు. తాడు మళ్ళీ లేచింది. భార్య వంటింటినుండి వచ్చి చూసింది. ముగ్గురూ చాలాసేపు మాటలు లేకుండా ఆ తాడునే చూస్తూ ఉండిపోయారు.

జూన్‌లో గోడపై గీతలు ఒకదానినుండి ఒకటి విడివడసాగాయి. రెండు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు. ఆ సంవత్సరం శ్రావణం అధికమాసంగా వచ్చింది. అధికమాసంలో గృహప్రవేశాలు ఉండవు గనుక పనులు మందగించాయి. డబ్బుకు కటకటలాడినా వ్యాయామానికి తీరిక చిక్కింది. నిజశ్రావణం వచ్చేసరికి మేస్త్రీ పట్టీ లేకుండా వాకిలి వరకు నడిచాడు. ఆగస్టు చివరిలో ఒక ఉదయం ఆయన రసమట్టాన్ని అడిగి తెప్పించుకొన్నాడు. పాదం ప్రక్కన కట్టించుకొని, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. బుడగ మడమను విడిచి, నెమ్మదిగా జరిగి, రెండు గీతల నడుమకు వచ్చింది. ఐదారు క్షణాలు నిలిచి వెనుకకు మళ్ళింది.

కథ అక్కడ సుఖాంతమైనదని చెప్పడం పూర్తి నిజం కాదు. ఆయన ఎడమకాలి బొటనవ్రేలు ఇప్పటికీ కుడికాలి వ్రేలివలె లేవదు. దూరం నడిచిన సాయంకాలాలలో అలసిన పాదం మళ్ళీ 'టప్'మంటుంది. గంటల తరబడి గొంతుక్కూర్చోవడం ఆయన శాశ్వతంగా మానుకొన్నాడు. ఎత్తు తక్కువ పీట ఒకటి చేయించుకొని దానిపై కూర్చుని పనిచేస్తాడు. పావుగంటకొకసారి లేచి నిలబడతాడు. తాను లేచినప్పుడల్లా కుర్రవాళ్ళను కూడా లేపుతాడు. పని చెడుతుందని గొణిగినవాడితో, "పని చెడితే మళ్ళీ పరుచుకొందాం లే" అంటాడు.

ఇటువంటి బలహీనత ఎవరికైనా రావచ్చును. పరీక్షల వేళ నేలపై ఒకే భంగిమలో గంటల తరబడి చదివే విద్యార్థికి సైతం రావచ్చును. అది వచ్చినపుడు చేయకూడని పని దాచడం. పాదం వాలడం మోకాలి ప్రక్కన నాడి నొక్కుకొన్నందువలన కావచ్చును. వెన్నెముక వద్ద ఒత్తిడివలన కావచ్చును. మెదడుకు సంబంధించినదైనా కావచ్చును. ఏదో తేల్చవలసినవాడు వైద్యుడు. మూత్రవిసర్జన పట్టుతప్పినా, రెండు కాళ్ళూ బలహీనపడినా, పిరుదుల నడుమ స్పర్శ పోయినా, కాలితోపాటు మాటా ముఖమూ తడబడినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. మేస్త్రీ పోగొట్టుకొన్నవి పది దినాలు. ఆ పది దినాల ఒత్తిడి లేకుంటే ఎన్ని తంతువులు తెగకుండా మిగిలేవో ఎవరూ చెప్పలేరు. ఆ మాట ఆయన తనంత తానే ఒప్పుకొంటాడు.

ఆయన పనిలో మరొక మార్పు కూడా వచ్చింది. పూర్వం గదికీ గదికీ నడుమ నేల అరంగుళం ఎత్తు తేడా ఉన్నా దానిని ఆయన లోపంగా ఎంచేవాడు కాదు. ప్రతి గది విడిగా మట్టంగా ఉంటే చాలుననుకొనేవాడు. ఆ అరంగుళం ఎంతటిదో ఆరు నెలలపాటు ఆయన బొటనవ్రేలు ఆయనకు నేర్పింది. ఇప్పుడు కొత్త ఇంటిలో బండలు పరిచేముందు, "ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా?" అని అడుగుతాడు. ఉన్నారన్నా, లేరన్నా, గదికీ గదికీ నడుమ అంచు లేకుండా పరుస్తాడు. స్నానాల గది వద్ద ఎత్తు తప్పనిసరి అయితే అక్కడ మెట్టుకు బదులు చిన్న వాలు కడతాడు. గృహప్రవేశంనాడు ఆ ఇంటివారు నేల నునుపును మెచ్చుకొంటారు గాని, అంచు లేదన్న సంగతి గమనించరు. కాలు తగిలినవారికి గాని అది తెలియదు. పని ముగిసిన తరువాత మేస్త్రీ ఒక్కడే ఆ గదులలో ఒకసారి నడుస్తాడు. ఎడమపాదాన్ని కావాలనే కొంచెం ఈడుస్తూ, ఒక గదినుండి మరొక గదిలోనికి, చివరి గది వరకు నడిచి, ఎక్కడా తగులుకోలేదని తెలిసిన తరువాతనే పనిముట్లు సంచిలో సర్దుకొంటాడు.